కడప బేసిన్: శాటిలైట్‌లో కనిపించే గీతలూ, సీస్మిక్‌లో తేలే పగుళ్ళూ ఒకటేనా?

పాపాఘ్ని ఒడ్డు
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి సంవత్సరం. నా ప్రాజెక్టు కడప బేసిన్ (పాత అవక్షేప శిలలు పేరుకున్న పెద్ద పల్లం) నైరుతి అంచు మీద: పార్నపల్లె, పులివెందుల, వేంపల్లె వైపు. 2005 నాటి ఆస్టర్ శాటిలైట్ కెమెరా దృశ్యం ఒకటి, కొత్త సెంటినెల్-2 శాటిలైట్ దృశ్యాలు రెండు తీసుకుని లీనియమెంట్లు (నేల మీద తిన్నగా సాగే గీతలు, పగుళ్ళు కావచ్చు) గీశాను. గీతలు ఎక్కడ ఎక్కువ గుమిగూడాయో మ్యాప్ చేస్తే పులివెందులకి ఉత్తరాన ఎర్రగా వచ్చింది. బేసిన్ నైరుతి భాగంలో గ్రావిటీ (భూమి లాగే బలం) ఎక్కువగా ఉందని పాత పేపర్లన్నీ చెబుతున్నాయి కదా, ఇంచుమించు అక్కడే.

మా గైడ్ గారు "కావలి–ఉడిపి సీస్మిక్ ప్రొఫైల్ మీద నీ గీతలు పెట్టి చూడు" అన్నారు. పెట్టాను. కొన్నిచోట్ల కలుస్తున్నాయి. ఇప్పుడు నా డౌటు ఇదీ: "లోతైన ఫాల్టుల వెంట ద్రవాలు పైకొచ్చి తుమ్మలపల్లె యురేనియం, మంగంపేట బెరైటీస్ ఏర్పడ్డాయి" అని థీసిస్‌లో రాసెయ్యొచ్చా? వైవాలో చీల్చి చెండాడతారని భయంగా ఉంది.

బాలానగర్ బ్యాండ్లు
రాయొద్దు తమ్ముడూ. ముందు గీతల సంగతి చూద్దాం, కింద ఉన్నది తర్వాత.

ఈ శాటిలైట్లు మన మీదుగా వెళ్ళేది ఉదయం పది, పదకొండు మధ్య. చలికాలం దృశ్యమైతే ఆ వేళకి సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. ఎండకి అడ్డంగా ఉన్న ఈశాన్య–నైరుతి గుట్టలకి నీడలు పడి గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఎండ వాలుకే సాగే వాయవ్య–ఆగ్నేయ పగుళ్ళకి నీడే ఉండదు, సగం మాయమైపోతాయి. నీ రోజ్ డయాగ్రామ్‌లో (ఏ దిక్కుకి ఎన్ని గీతలో పూరేకుల్లా చూపే బొమ్మ) ఈశాన్య దిక్కు రేక పొడుగ్గా ఉంటే అది భూమి చెప్పిన మాటా, సూర్యుడు చెప్పిన మాటా అని వైవాలో మొదటి ప్రశ్న వస్తుంది.

దీనికి మందు ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా 30 మీటర్ల గ్రిడ్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్యూజిస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో హిల్‌షేడ్ (ఎత్తుల నుంచి గీసే నీడల బొమ్మ) వేసి, కృత్రిమ సూర్యుణ్ణి ఎనిమిది దిక్కుల్లో నిలబెట్టి మళ్ళీ గియ్యి. అన్ని దిక్కుల వెలుగులోనూ నిలబడిన గీతలే ఉంచు. ఇంకోటి, కాలువలు, హైటెన్షన్ లైన్లు, రైలు కట్టలు తీసేశావా? ఆ జిల్లాలో తెలుగుగంగ, గాలేరు-నగరి కాలువలు ఉన్నాయి. బొమ్మ చూసి ఫాల్ట్ అనుకోవడానికి వాటంత మంచి సరుకు ఇంకోటి లేదు.

షాట్‌హోల్ తాత
కావలి–ఉడిపి పేరు ఇక్కడ వినిపించినందుకు సంతోషం నాయనా. దాని గురించి రెండు ముక్కలు చెప్పనివ్వు. ఆ ప్రొఫైల్ మీద నేను పనిచెయ్యలేదు, తర్వాత వచ్చిన ప్రొఫైళ్ళలో చేశాను.

మన దేశంలో లోతైన సీస్మిక్ సౌండింగ్ మొదలైంది దానితోనే. 1970ల మొదట్లో ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళూ సోవియట్ శాస్త్రవేత్తలూ కలిసి చేశారు. మన వైపు కైలా గారు. తూర్పున కావలి నుంచి పడమర ఉడిపి దాకా దాదాపు 600 కిలోమీటర్లు, ద్వీపకల్పం నడుముకి అడ్డంగా. ఫలితాలు 1979లో అచ్చయ్యాయి. మోహో, అంటే క్రస్టు అయిపోయి మ్యాంటిల్ మొదలయ్యే చోటు, 34 నుంచి 41 కిలోమీటర్ల లోతున తేలింది. ఆ గీతలో కావలి–పార్నపల్లె ముక్కే కడప బేసిన్‌ని దాటేది. ఉత్తరాన ఆలంపూర్–కోనికి–గణపేశ్వరం అని ఇంకో గీత ఉంది, అది కూడా తెచ్చుకుని చూడు.

పని ఎలా జరిగేదంటే, బోరు వేసి అందులో మందుగుండు దించి పేలుస్తారు. కిలోమీటర్ల పొడుగునా వేరుశనగ చాళ్ళ మధ్య జియోఫోన్లు (నేల అదురుని పట్టే పరికరాలు) గుచ్చి ఉంటాయి. దగ్గరలో ఎడ్లబండి నడిచినా రికార్డులో గజిబిజి. గాలి లేచినా అంతే. అందుకని తెల్లవారుజామున, ఊరు లేవకముందు పేల్చడం మాకు ఇష్టం. అల గ్రానైటులో సెకనుకి 6 కిలోమీటర్ల చొప్పున పోతుంది, మ్యాంటిల్ తగిలేసరికి 8 అవుతుంది. ఆ వేగం మారడమే మాకు కనిపించేది. రాయి పేరు కనిపించదు. ఖనిజం అసలే కనిపించదు.

ఇప్పుడు నీ ప్రశ్న. ఆ ప్రొఫైల్‌లో గీసిన ఫాల్టులు క్రస్టులో పెద్ద దిమ్మెల మధ్య సరిహద్దులు. పక్క పక్క ప్రతిఫలనాలు తెగిపోయిన చోట నిలువుగా గీత గీశారు. ఆ గీత అటూ ఇటూ ఒకటి రెండు కిలోమీటర్లు జరిగినా ఎవరూ ఆశ్చర్యపోరు. నువ్వు శాటిలైట్‌లో గీసినది 15 మీటర్ల పిక్సెల్ మీద. ఈ రెంటినీ ఒకే కాగితం మీద పెట్టి "కలిశాయి" అంటే, పది గీతలు గీస్తే ఒకటో రెండో ఎలాగైనా కలుస్తాయి. గీతల్ని అడ్డదిడ్డంగా జరిపి చూడు, అప్పుడు కూడా అన్నే కలుస్తున్నాయేమో లెక్కపెట్టు.

పాపాఘ్ని ఒడ్డు
తాతగారూ, ఆ చివరి మాట బంగారం. యాదృచ్ఛికంగా గీతలు జరిపి వెయ్యిసార్లు నడిపే చిన్న స్క్రిప్టు రాస్తాను.

జొన్నగిరి కుర్రోడు
అన్నా మాది తుగ్గలి మండలం. తొలకరి పడితే సాలు, మా పక్క చేలన్నీ జనమే. గుడారాలేసుకోని వజ్రాలు ఎతుకుతాండారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఒకటి తిరుగుతాంది, "ఇస్రో శాటిలైట్‌లో వజ్రాలుండే చేను ఎర్రగా కనపడతాది" అని. బొమ్మ చూపిచ్చి ఎకరా రేటు పెంచినోళ్ళు కూడా ఉండారు. నిజమేనా ఇది?

బాలానగర్ బ్యాండ్లు
పచ్చి అబద్ధం. ఆ ఎర్ర రంగు ఆకుపచ్చ చెట్టుది. ఇన్‌ఫ్రారెడ్ బ్యాండుకి ఎరుపు రంగు ఇవ్వడం మా వృత్తిలో పాత అలవాటు, అందుకే పంట బాగున్న చేను రక్తంలా కనిపిస్తుంది. ఆ బొమ్మ చూపించి అమ్మినవాడు నిజానికి అక్కడ బోరులో నీళ్ళున్నాయని చూపించాడు!

కాస్త వివరంగా చెప్తా, మిగతావాళ్ళకి కూడా పనికొస్తుంది. శాటిలైట్ చూసేది ఎండ తగిలి వెనక్కి వచ్చిన వెలుగుని. ఆ వెలుగు రాతిలోకి మిల్లీమీటరు కూడా దిగదు. కొన్ని ఖనిజాలు కొన్ని రంగుల్ని మింగేస్తాయి: బంకమట్టి ఖనిజాలు 2.2 మైక్రాన్ల దగ్గర, సున్నపురాయి, డోలమైటు 2.3 దాటాక, ఇనుప తుప్పు 0.9 దగ్గర. ఆస్టర్‌లో ఈ షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ కోసం ఆరు బ్యాండ్లు ఉండేవి, 2008లో ఆ డిటెక్టర్లు పాడయ్యాయి. అందుకే అందరం పాత దృశ్యాలే వాడతాం. ల్యాండ్‌శాట్, సెంటినెల్‌లో ఆ ప్రాంతానికి ఉన్నవి రెండే వెడల్పాటి బ్యాండ్లు. బంకమట్టి ఉందని చెబుతాయి, ఏ రకమో చెప్పలేవు.

వజ్రకరూరు కింబర్లైట్ గొట్టాలు (లోతు నుంచి వజ్రాల్ని మోసుకొచ్చిన అగ్నిశిల గొట్టాలు) చాలామటుకు వందల మీటర్ల వెడల్పే. పైన కుళ్ళిపోయి మెత్తబడి, నల్లరేగడి కింద దాక్కుంటాయి. అవి కుళ్ళితే వచ్చే మెగ్నీషియం మట్టీ కార్బొనేటూ 2.3 దగ్గరే వెలుగుని మింగుతాయి. మన పొలాల్లో ఎక్కడ తవ్వినా దొరికే సున్నపు గులకలు కూడా సరిగ్గా అదే చేస్తాయి. మరి వేరుచేసేదెలా? వాగుల ఇసుక జల్లెడ పట్టి పైరోప్ గార్నెట్, ఇల్మెనైట్ గింజలు ఎటు నుంచి కొట్టుకొచ్చాయో వెతకాలి, మాగ్నెటిక్ సర్వే చెయ్యాలి. వజ్రకరూరులో జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే) వాళ్ళ కింబర్లైట్ మ్యూజియం ఉంది, వీలైతే వెళ్ళి చూడు.

జొన్నగిరి కుర్రోడు
సరే అన్నా. మా మామకి ఈ మెసేజ్ సూపిచ్చినా. "బోరు పడతాదంటే అదీ వజ్రమే" అన్యాడు.

ఊరికే అడుగుతున్నా
అయితే శాటిలైట్‌కి ఖనిజం కనపడదు, సీస్మిక్‌కీ కనపడదు. మరి ఇన్ని కోట్లు పెట్టి ఈ పనులన్నీ ఎందుకండీ? నేరుగా బోర్లు వేసుకోవచ్చుగా.

పెర్త్ పక్కవీధి
ఇక్కడ ఆస్ట్రేలియాలో అన్వేషణలోనే ఉద్యోగం, కాబట్టి దీనికి నేను జవాబు చెప్తాను. నేరుగా బోర్లు వేస్తే దివాళా తీస్తాం సార్. గట్టిరాతిలో లోతైన డైమండ్ డ్రిల్లింగ్ ఖరీదు చూస్తే గుండె ఆగుతుంది. ఎక్కడ వెయ్యకూడదో తెలుసుకోవడానికే మిగతా డబ్బంతా.

ఒలింపిక్ డ్యామ్ కథ తీసుకోండి. దక్షిణ ఆస్ట్రేలియా, రాగి, యురేనియం, బంగారం కలిసి ఉన్న రాక్షస నిక్షేపం. పైన మూడు వందల మీటర్లకి మించి సంబంధం లేని అవక్షేప రాయి కప్పు. పై నుంచి చూస్తే ఎడారి, గొర్రెలు తప్ప ఏమీ లేదు. శాటిలైట్ ఎన్ని బ్యాండ్లతో చూసినా ఆ కప్పే కనిపిస్తుంది. వెస్టర్న్ మైనింగ్ కార్పొరేషన్ వాళ్ళు గ్రావిటీ, మాగ్నెటిక్ రెండూ ఒకేచోట ఎక్కువగా ఉన్నాయని, లీనియమెంట్లు కూడా అటే చూపిస్తున్నాయని 1975లో బోరు వేశారు. మొదటి బోరులోనే రాగి తగిలింది. కానీ తర్వాతివి చాలావరకు నిరాశే. పదో బోరులో గానీ అసలు సరుకు పడలేదు.

2003లో దాని మీదుగా లోతైన సీస్మిక్ రిఫ్లెక్షన్ గీత నడిపారు. చిత్రం ఏమిటంటే, నిక్షేపం కింద క్రస్టులో ప్రతిఫలనాలు చప్పబడ్డాయి. చుట్టుపక్కల ఉన్న చారలు అక్కడ చెరిపేసినట్టున్నాయి. తర్వాత మాగ్నెటోటెల్యూరిక్ (భూమిలో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచే సర్వే) చేస్తే కింది నుంచి పైకి విద్యుత్తు బాగా ప్రవహించే దారులు కనిపించాయి. ద్రవాలు వచ్చిన బాట అదేనని ఎక్కువమంది నమ్ముతున్నారు.

ఇప్పుడు మన కుర్రాడి థీసిస్‌కి పనికొచ్చే మాట. శాటిలైట్ చూసేది చర్మాన్ని. ఆ లోతైన సీస్మిక్ చూసేది పది నుంచి నలభై కిలోమీటర్ల కింద. గని ఉండేది పైన రెండు మూడు కిలోమీటర్లలో. అంటే నువ్వు కలపాలనుకుంటున్న రెండు డేటాలకీ సరిగ్గా మధ్యలో, రెండింటికీ అందని చోట! ఆ ఖాళీని మాగ్నెటిక్, గ్రావిటీ, విద్యుత్ సర్వేలు, చివరికి డ్రిల్ నింపాలి. ఆ పొర గురించి నీ థీసిస్‌లో ఒక్క పేజీ కూడా లేకపోతే "ద్రవాలు పైకొచ్చాయి" అన్న వాక్యానికి కాళ్ళుండవు.

షాట్‌హోల్ తాత
పెర్త్ బాబు బాగా చెప్పాడు. ఆ ఖాళీ ఎందుకు ఉందో చిన్న లెక్కతో చూపిస్తా. అల వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే అల పొడవు. సెకనుకి 6 కిలోమీటర్లు, 10 హెర్ట్‌జ్ అనుకో, అల పొడవు 600 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 150 మీటర్ల కన్నా సన్నని పొర తల, అడుగు విడివిడిగా తెలియవు. దూరదేశాల భూకంపాల ఉపరితల తరంగాలు వాడితే అల పొడవు వంద కిలోమీటర్లు కూడా దాటుతుంది. రామగిరి, హట్టి బంగారపు నాళాలు మీటర్లలో ఉంటాయి. ఎక్కడ దొరుకుతాయి?

గనుల దగ్గర అధిక పౌనఃపున్యంతో దగ్గర దగ్గరగా చేసే సీస్మిక్ వేరే సంగతి. దక్షిణాఫ్రికా విట్‌వాటర్స్‌రాండ్‌లో అలా చేశారు. అక్కడా కనిపించేది బంగారం కాదు, బంగారం ఉన్న పొర ఏ రాతి సరిహద్దుని అంటిపెట్టుకుని ఉందో ఆ సరిహద్దు. అది ఎక్కడ విరిగిందో, ఎంత కిందకి జారిందో తెలిస్తే షాఫ్టు ఎక్కడ దించాలో తెలుస్తుంది.

పాపాఘ్ని ఒడ్డు
అర్థమైంది సార్. మరి తుమ్మలపల్లె మాటేమిటి? అది పైనే ఉంది కదా, వేంపల్లె డోలోస్టోన్‌లో పొరలా కిలోమీటర్ల పొడుగునా సాగుతుంది. ఆస్టర్‌లో కార్బొనేట్ రేషియో వేస్తే వేంపల్లె ఫార్మేషన్ చక్కగా పట్టీలాగా వచ్చింది.

బాలానగర్ బ్యాండ్లు
డోలోస్టోన్ వచ్చింది, యురేనియం రాలేదు. ఆ తేడా థీసిస్‌లో స్పష్టంగా రాయి. యురేనియం గామా కిరణాలు గాలిలో కొన్ని వందల మీటర్లకే నీరసించిపోతాయి. అందుకే గామా సర్వేని విమానంతో గానీ హెలికాప్టర్‌తో గానీ నేలకి దగ్గరగా ఎగురుతూ చేస్తారు. శాటిలైట్ నుంచి అది అయ్యే పని కాదు.

నీ కార్బొనేట్ పట్టీలో బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు తెల్ల మచ్చలు కూడా వచ్చి ఉంటాయి, ఆ దృశ్యం అంతదాకా ఉంటే. అవి బండల ఫ్యాక్టరీల పొడి కుప్పలు. పాలిష్ చేసిన వ్యర్థం రోడ్ల పక్క పోస్తారు. మెత్తటి పొడి కాబట్టి అసలు కొండ కన్నా గట్టిగా మెరుస్తుంది. మంగంపేట చుట్టూ బెరైటీస్ మిల్లుల దగ్గరా తెల్ల దుమ్ము పరుచుకుని ఉంటుంది. పైగా బెరైటీస్‌కి నువ్వు వాడే బ్యాండ్లలో ప్రత్యేకమైన సంతకం లేదు. గని గొయ్యి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఖనిజం కనిపించదు.

మోడరేటర్
తుమ్మలపల్లె టెయిలింగ్ పాండ్, నీళ్ళ కాలుష్యం గురించి వచ్చిన నాలుగు పోస్టుల్ని "పర్యావరణం" విభాగానికి మార్చాను. ముఖ్యమైన చర్చే, అక్కడ కొనసాగించండి. అలాగే "మా పొలం లొకేషన్ పెడుతున్నా, బంగారం ఉందేమో చూడండి" అని పోస్టులు పెట్టకండి. ఎవరూ చూడరు.

ములుగు పొలగాడు
2024 డిసెంబర్ 4 పొద్దుగాల మాకాడ 5.3 భూకంపం వచ్చింది గదా, హైదరాబాద్ దాంక ఊగింది. అసొంటి భూకంపాల డేటా ఈ ఖనిజాల పనికి అక్కరకొస్తదా?

షాట్‌హోల్ తాత
వస్తుంది, కానీ వేరే దారిలో. ములుగు భూకంపం, 1969 నాటి భద్రాచలం భూకంపం, రెండూ గోదావరి లోయ చీలిక వైపే. అవి ఆ లోయ అంచుల్లో ఏ ఫాల్టులు ఇంకా కదులుతున్నాయో చెబుతాయి. ఆ చీలికలోనే సింగరేణి బొగ్గు ఉంది కాబట్టి అక్కడి నిర్మాణం మీద ఆసక్తి ఎప్పుడూ ఉంది.

క్రస్టు మందం కొలవడానికి మాత్రం దూరపు భూకంపాలే మేలు. ఇండోనేషియాలోనో జపాన్‌లోనో భూమి కదిలితే ఆ అల మన కింద నుంచి పైకి వస్తూ మోహో దగ్గర కొంత రకం మారుతుంది. మారని అలా, మారిన అలా చేరడంలో ఉండే కొన్ని సెకన్ల తేడా నుంచి లోతు లెక్కకడతారు. రిసీవర్ ఫంక్షన్ అంటారు. మందుగుండు ఖర్చు లేదు, ఓపిక ఉండాలి. అలా చూస్తే పడమటి ధార్వార్ (దక్షిణ భారతపు పాత రాతి దిమ్మె) క్రస్టు 40 నుంచి 50 కిలోమీటర్లు, మన వైపు తూర్పు ధార్వార్ 34 నుంచి 39. కోలార్, హట్టి, రామగిరి, జొన్నగిరి బంగారమంతా పలచగా ఉన్న తూర్పు వైపే ఉండటం గమనించు.

ఊరికే అడుగుతున్నా
అంటే పలచని క్రస్టు ఉంటే బంగారం ఉంటుందా?

పెర్త్ పక్కవీధి
అంత తేలిగ్గా అయితే నాకు ఉద్యోగం ఉండదండీ. పడమటి వైపు గదగ్‌లోనూ బంగారం ఉంది. కానీ ఇలాంటి పెద్ద కొలత మీద లెక్కలు ఈమధ్య బాగా పనికొస్తున్నాయి. 2020లో నేచర్ జియోసైన్స్‌లో హోగార్డ్, ఇంకొందరు రాసిన పేపర్ చూడండి. ఉపరితల తరంగాల టోమోగ్రఫీతో (భూకంప అలలతో తీసే స్కాన్ లాంటిది) లితోస్ఫియర్ (క్రస్టూ, దాని కింద అంటుకున్న గట్టి మ్యాంటిలూ కలిసిన పలక) మందం మ్యాప్ చేసి, 170 కిలోమీటర్ల గీత గీశారు. అవక్షేప శిలల్లో ఉండే సీసం, జింక్, రాగి నిక్షేపాల లోహంలో 85 శాతం ఆ గీతకి 200 కిలోమీటర్ల లోపే ఉంది. కోటి టన్నులు దాటిన భారీ నిక్షేపాలైతే అన్నీ. ఖండపు మందపాటి వేరు ఎక్కడ పలచబడుతుందో ఆ అంచు అన్నమాట.

దీనితో గని దొరకదు. ఏ వెయ్యి కిలోమీటర్ల పట్టీలో వెతకాలో దొరుకుతుంది. లోతైన సీస్మిక్ చేసే ఉపకారం అదే: ఏ జిల్లాకి వెళ్ళాలో చెబుతుంది. అక్కడికెళ్ళాక ఏ గుట్ట ఎక్కాలో శాటిలైట్ చెబుతుంది. మన కుర్రాడు గుట్ట గీతల్ని తీసుకెళ్ళి జిల్లా గీతల మీద పెట్టాడు.

పాపాఘ్ని ఒడ్డు
అయితే అగ్నిగుండాల సీసం–రాగి కడప బేసిన్ ఈశాన్య మూల ఉంది కదా అన్నా. ఆ 170 గీత మన దేశంలో ఎటు పోతుంది?

షాట్‌హోల్ తాత
అక్కడే కొట్లాట మొదలవుతుంది నాయనా. 2007లో మా ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళూ జర్మనీ వాళ్ళూ కలిసి నేచర్‌లో రాశారు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా వేర్లు 180 నుంచి 300 కిలోమీటర్లు ఉంటే, భారత లితోస్ఫియర్ 100 కిలోమీటర్లేనని. గోండ్వానా మహాఖండం విడిపోయినప్పుడు ప్లూమ్ (లోతు నుంచి పైకి లేచిన వేడి మ్యాంటిల్ రాయి) వేడికి అడుగు కరిగిపోయిందనీ, బరువు తగ్గడం వల్లే ఇండియా అంత వేగంగా ఉత్తరానికి దూసుకొచ్చిందనీ వాళ్ళ వాదన. టోమోగ్రఫీ చేసిన వేరేవాళ్ళు కొందరు ధార్వార్ కింద ఇంకా లోతు దాకా చల్లటి, వేగమైన రాయి ఉందంటారు.

పెర్త్ పక్కవీధి
ఇక్కడ జొన్నగిరి తమ్ముడి చేను పనికొస్తుంది చూడండి. వజ్రం నిలవాలంటే 150 కిలోమీటర్లకి అటూ ఇటూ లోతు కావాలి, అదీ చల్లగా ఉన్న వేరులో. వజ్రకరూరు గొట్టాలు సుమారు 110 కోట్ల ఏళ్ళ నాడు పేలాయి. అంటే ఆ రోజున అనంతపురం కింద మందపాటి వేరు ఉంది, అందులో అనుమానం లేదు. సీస్మిక్ చూసేది ఇవాళ్టి వేరుని. మధ్యలో ఏం జరిగిందన్నదే గొడవ. కాబట్టి అగ్నిగుండాలకి ఇవాళ్టి మందం మ్యాప్ తగిలించేముందు ఆ ఖనిజం ఏర్పడిన నాడు అంచు ఎక్కడుందో అడగాలి. ఆస్ట్రేలియాలో అంచు చాలాకాలం కదలకుండా ఉందని వాదించగలిగారు. ఇండియాలో అలా అనెయ్యలేం.

జొన్నగిరి కుర్రోడు
మా చేను కింద ఇంత కత ఉందా సామీ!

పాపాఘ్ని ఒడ్డు
అందరికీ ధన్యవాదాలు. ప్లాన్ మారుస్తున్నాను. థీసిస్ పరిధిని పులివెందుల సిల్లుల దాకా తగ్గిస్తా. సుమారు 189 కోట్ల ఏళ్ళ నాటి ఆ నల్లటి చొరబాటు రాళ్ళు ఆస్టర్‌లో బాగా విడిగా కనిపిస్తున్నాయి, గ్రావిటీ ఎక్కువగా ఉండటానికి కారణం కింద బరువైన మాఫిక్ (ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న) రాయేనని పేపర్లూ అంటున్నాయి. పైన సిల్లులు, మధ్యలో గ్రావిటీ, కింద సీస్మిక్ వేగాలు, మూడూ ఒకే రాతి గురించి మాట్లాడుతున్నాయా అన్నదే ప్రశ్న. యురేనియం, బెరైటీస్ వదిలేస్తున్నా.

గ్రావిటీ, ఏరోమాగ్నెటిక్ డేటా ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?

బాలానగర్ బ్యాండ్లు
ఇది చెయ్యదగ్గ ప్రాజెక్టు. జీఎస్‌ఐ భూకోశ్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వు. 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టిన నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ కూడా చూడు. సైట్ మధ్యాహ్నాలు నత్తనడక, రాత్రి పది తర్వాత డౌన్‌లోడ్ పెట్టుకో. టోపోషీట్ నంబర్లు 57జె దగ్గర మొదలుపెట్టి చుట్టుపక్కలవి కూడా తీసుకో, అంచుల దగ్గర గ్రిడ్ తెగితే మోడలింగ్ పాడవుతుంది.

షాట్‌హోల్ తాత
సీస్మిక్ సెక్షన్ నుంచి ఫాల్టు గీతలు ట్రేస్ చెయ్యకు, వేగాల అంకెలు తీసుకో. పార్నపల్లె దగ్గర లోతు వారీగా వేగం ఎంతో పట్టిక చేసి, వేగం నుంచి సాంద్రత లెక్కకట్టి, ఆ సాంద్రతతో గ్రావిటీ మోడల్ నడుపు. కొలిచిన గ్రావిటీతో సరిపోకపోతే ఆ తేడా ఎంతో, ఎక్కడో ఇక్కడ పెట్టు, కూర్చుని చూద్దాం.